ఎగరలేని బడ్జీ పిల్ల: పంజరంలో ఉంచడం మేలా, గదిలో వదలడం మేలా?

ఇంటికి తెచ్చిన మూడో రోజున మా బడ్జీ (చిన్న చిలుక జాతి పెంపుడు పిట్ట) పిల్ల పంజరం తలుపు దాటి దూకింది. ఎగురుతుందనుకున్నాం. ఎండుటాకులా గిరగిరా తిరిగి మంచం కిందికి చేరింది. దుకాణదారుకు ఫోను చేస్తే, "కొత్తలో అంతే మేడమ్, పంజరంలోనే ఉంచండి, అదే సర్దుకుంటుంది" అన్నాడు. పక్కింటి మామ్మగారు ఒప్పుకోలేదు. "రెక్కలున్నదాన్ని కూర్చోబెడితే ఎలా అమ్మాయ్? రోజూ కాసేపు గదిలో వదులు" అన్నారు.

ఇద్దరూ రెక్క విప్పి చూడలేదు. చూడకుండా ఏది మేలో చెప్పడం కుదరదు. మెత్తటి తువ్వాలులో, రొమ్ము నొక్కుకుపోకుండా పట్టుకుని (రొమ్ము ఆడకపోతే పిట్టకు ఊపిరి ఆడదు) ఒక్కో రెక్కా విప్పాను. చివరన ఉండే పది పొడవాటి ఈకల్లో ఐదు కత్తెరతో గీత గీసినట్టు తెగి ఉన్నాయి. రెండు వైపులా అంతే. దుకాణంలో ఎగిరిపోకుండా చేసిన పని అది, అమ్మేటప్పుడు మాత్రం చెప్పలేదు. కోసిన ఈక గోరులా మళ్లీ పెరగదు. ఆ మొదలు రాలి, దాని చోట కొత్తది రావాలి. బడ్జీలకు తొలిసారి ఈకలు మారేది సుమారు మూడు నాలుగు నెలల వయసులో. మా పిల్లకు నుదుటి చారలు ముక్కుదాకా ఉన్నాయి, కంట్లో తెల్ల వలయం ఇంకా రాలేదు. అంటే ఆ వయసు రాలేదన్నమాట.

మరి అప్పటిదాకా? పంజరంలో ఉంచితే ఫ్యాను, కిటికీ అద్దం, పిల్లి, ఈ మూడింటి భయమూ ఉండదు. కానీ ముప్పై నలభై గ్రాముల పిట్ట రోజంతా కూర్చుని కొర్రలు తింటూ ఉంటే కొవ్వు పడుతుంది, రెక్కలు ఆడించే రొమ్ము కండ బలపడదు. తీరా ఈకలు వచ్చాక ఎగరడం రాదు. పైగా అలంకారానికి అమ్మే నిలువు గుండ్రటి పంజరాలు చూడటానికే బాగుంటాయి. బడ్జీ అడ్డంగా ఎగిరే పిట్ట, దానికి పొడుగు కావాలి కానీ ఎత్తు కాదు. కూర్చునే కర్రలు కిందికి దించి, అడుగున మెత్తటి గుడ్డ పరిస్తే పడినా దెబ్బ తగలదు.

గదిలో వదలడానికి ఏర్పాట్లు ఎక్కువ. ఫ్యాను ఆపితే చాలదు, దాని రెక్కలు తిరగడం పూర్తిగా ఆగాకే పంజరం తలుపు తీయాలి. కిటికీలకు తెరలు వేయాలి, అద్దం మీద దుప్పటి కప్పాలి. వంటింటి తలుపు మూయాలి. మాడిన నాన్‌స్టిక్ పెనం నుంచి వచ్చే పొగ పిట్టల ప్రాణం తీస్తుంది, అది పక్క గదిలోకి వచ్చినా ప్రమాదమే. నేల మీద బొంత పరిచి, మంచం అంచు నుంచి నా వేలి మీదికి మొదట జానెడు దూరం, వారానికి మూరెడు, అలా దూకించాను. రోజుకు పదిహేను నిమిషాలు. నోరు తెరిచి ఆయాసపడితే అక్కడితో ఆపేశాను. గాలిలోకి విసిరితే ఎగరడం నేర్చుకుంటుందని చెప్పేవాళ్ల మాట మాత్రం వినకండి.

ఈకలు కత్తిరించిన పిల్లకు, ఇంకా ఎగరడం అలవాటు కాని పిల్లకు గదే మేలని నా అభిప్రాయం. కానీ కొత్త ఈకలు మొలిచేటప్పుడు నేను మాట మార్చుకున్నాను. మొలిచే ఈక కాడలో రక్తం ఉంటుంది. పక్క ఈకలు తెగిపోయి ఉండటంతో దానికి ఆసరా ఉండదు, పడితే విరుగుతుంది, రక్తం కారుతుంది. అలా జరిగితే మొక్కజొన్న పిండి అద్ది నొక్కి పట్టి, వెంటనే పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ఆ రోజుల్లో పంజరమే నయమనిపించింది. కోసిన మొదళ్లు పీకేస్తే త్వరగా వస్తాయని ఒకరు సలహా ఇచ్చారు. అది పిట్టకు నరకం, ఈక మొలిచే చోటే పాడయ్యే ప్రమాదం ఉంది.

ఒక రెక్క వేలాడుతున్నా, ఊపిరితో పాటు తోక ఊగుతున్నా సాధన మాటే వద్దు. చిన్న డబ్బాలో పెట్టి పిట్టల వైద్యం తెలిసిన డాక్టరుకు చూపించాలి. కత్తిరించకుండానే రెక్కల్లో, తోకలో పొడవాటి ఈకలు రాలిపోతుంటే అది వైరస్ పని కావచ్చు. అలాంటి పిల్లను ముందు మిగతా పిట్టల నుంచి వేరు చేయాలి.

మాకు తెచ్చిన రెండు నెలలకు పంజరం అడుగున, ముక్కు గీసుకోవడానికి పెట్టిన సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ ఎముక) ముక్క పక్కన, సగానికి తెగిన ఈక ఒకటి కనిపించింది. తర్వాత ఒక్కొక్కటే రాలాయి, ఒక్కొక్కటే మొలిచాయి. అవన్నీ నిండాక ఒక ఆదివారం మంచం మీంచి తిన్నగా తెర కడ్డీ మీదికి ఎగిరింది. దిగడం ఎలాగో తెలియక గంటసేపు అక్కడే అరుస్తూ కూర్చుంది. చివరికి స్టూలు వేసుకుని నేనే దించాను.