వంద రూపాయల అగ్రిమెంటు ఓనరుకు ఎంతవరకు అండ?

హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకిచ్చే ఓనరు సరిగ్గా చదవకుండానే సంతకం పెట్టే కాగితం ఏదైనా ఉందంటే అది అద్దె అగ్రిమెంటే. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు పక్కన స్టాంపు వెండర్ దగ్గరికెళ్తే 100 రూపాయల స్టాంపు పేపరు మీద అరగంటలో టైపు చేసి ఇస్తారు. నోటరీ ముద్ర కూడా ఆ పక్కనే పడుతుంది. ఆన్‌లైన్‌లో ఫారం నింపితే ప్రింటు ఇంటికే వస్తుంది. ఎక్కడ తీసుకున్నా లోపలి సరుకు దాదాపు ఒకటే: పేర్లు, డోర్ నంబరు, అద్దె, అడ్వాన్సు, 11 నెలల గడువు, ఇంకో పది షరతులు. కిరాయిదారు మంచివాడైతే ఈ కాగితం బీరువాలోంచి బయటికి రానే రాదు. అద్దె ఆపేసి, ఫోను ఎత్తడం మానేసి, కదలనని కూర్చున్నప్పుడే దీని అసలు విలువ తెలుస్తుంది. ఈ సమీక్ష ఆ సందర్భం కోసం.

ఫలానా మనిషి ఫలానా ఇంట్లో ఇంత అద్దెకు కిరాయిదారుగానే దిగాడని రుజువు చేయడానికి ఈ కాగితం బాగా పనికొస్తుంది. మనిషిని ఖాళీ చేయించే శక్తి మాత్రం దీనికి లేదు. చాలామంది ఓనర్లు ఆ రెండోదాని కోసమే దీన్ని కొంటారు, గొడవంతా అక్కడే మొదలవుతుంది.

11 నెలల లెక్క 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోంచి వచ్చింది. ఏడాదికి మించిన లీజును 17వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ చేయించి తీరాలి. అది తప్పించుకోవడానికే నెల తగ్గించి రాస్తారు. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో ఆ సెక్షన్‌కు చేసిన సవరణ ప్రకారం మన దగ్గర గడువు ఎంత తక్కువైనా లీజు రిజిస్టర్ కావాల్సిందే, కాబట్టి 11 నెలలు రాసినంత మాత్రాన పూర్తి రక్షణ లేదు. దానికి తోడు కిరాయిదారు అడిగాడనో, ఏటా తిరగడం ఎందుకనో అదే ఫారంలో గడువును మూడేళ్లకు మార్చి కొట్టిచ్చే షాపులున్నాయి. రిజిస్టర్ కాని మూడేళ్ల లీజులో గడువు, అద్దె పెంపు, లాక్-ఇన్ (ఇంతకాలం ఖాళీ చేయకూడదన్న కట్టుబాటు) లాంటి షరతులను కోర్టులో రుజువుగా నిలబెట్టలేం. అదే చట్టం 49వ సెక్షన్ కింద ఆ ఇంట్లో ఆ మనిషి ఏ హోదాలో ఉన్నాడన్నటువంటి పక్క విషయాలకే దాన్ని చూస్తారు. కాబట్టి వాడుకలో రెండు దారులే: 11 నెలలు రాసి ప్రతిసారీ కొత్త కాగితం మీద రెన్యువల్ చేసుకోవడం, లేదా రిజిస్టర్ చేయించడం; చట్టం ముందు గట్టిగా నిలిచేది రెండోదే. షాపుకు, ఆఫీసుకు ఇచ్చేటప్పుడు అది తప్పనిసరిగా చేయించాలి. ఖర్చవుతుంది, కానీ పెద్ద అద్దె దగ్గర ఆ ఖర్చు లెక్కలోది కాదు.

స్టాంపు దగ్గర ఇంకో పొరపాటు. 100 రూపాయలన్నది వాడుక మాత్రమే, చట్టం పెట్టిన రేటు కాదు. డ్యూటీ మొత్తం అద్దె మీద, గడువు మీద ఆధారపడుతుంది. తక్కువ స్టాంపు వేసిన కాగితాన్ని కోర్టులో పెడితే అవతలి వకీలు మొదట పట్టుకునేది దాన్నే. తగ్గిన డ్యూటీ, దానిమీద పది రెట్ల వరకు పెనాల్టీ కట్టేదాకా కాగితం రుజువుగా ఎక్కదు. రాసే రోజే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో లెక్క అడిగి సరిపడా కడితే పోతుంది. పేపరు వెనక వెండర్ రాసే తేదీ, కొన్నవారి పేరు కూడా చూసుకోవాలి. పేరు ఓనరుదో కిరాయిదారుదో అయి ఉండాలి. జూన్ 5న కొన్న పేపరు మీద జూన్ 1న రాసుకున్నట్టు టైపు చేస్తే కాగితం మొత్తం మీదే అనుమానం వస్తుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే స్టాంపు ఏ రాష్ట్రానిదో కూడా చూడాలి. కొన్ని ఫారాల్లో మహారాష్ట్రలో నడిచే లీవ్ అండ్ లైసెన్స్ (లీజు కాకుండా ఉండటానికి అనుమతి మాత్రమే ఇచ్చే ఒప్పందం) భాష అలాగే ఉండిపోతుంది. మన దగ్గర అది అనవసరపు వాదనకు తావిస్తుంది.

నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్ కాదు. ఆ సంతకం నాది కాదని రేపు అనడం కష్టమవుతుంది, అంతవరకే దాని ఉపయోగం.

ఇక లోపలి షరతులు. ఈ సరుకులో అన్నిటికన్నా బలహీనమైన చోటు చివరి పేజీలోని షెడ్యూలు, అంటే ఇచ్చే ఇంటి వివరాలు రాసే భాగం. చాలా కాగితాల్లో అక్కడ ఒక్క డోర్ నంబరే ఉంటుంది, ఒక్కోసారి చుట్టూ హద్దుల గళ్లు ఖాళీగానే ఉంటాయి. రెండో అంతస్తు ముందు పోర్షనా, వెనక పోర్షనా? కారు పార్కింగ్ కలిసుందా? టెర్రస్ మీది గది ఎవరిది? వివాదం వచ్చాక ఒక్క పోర్షన్ తీసుకున్నవాడు టెర్రస్ కూడా తనకే ఇచ్చారంటాడు. ఆస్తి పన్ను రసీదులో ఉన్న డోర్ నంబరు, పీటీఐఎన్ (ఆస్తి పన్ను గుర్తింపు నంబరు), అంతస్తు, నాలుగు వైపుల హద్దులు, కరెంటు సర్వీసు నంబరు, దిగిన రోజు మీటరు రీడింగు ఇక్కడే రాయించాలి. ఫ్యాన్లు, గీజరు, ట్యూబులైట్లు, తాళంచెవులు ఎన్నేసి ఉన్నాయో దాని కిందే రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఖాళీ ఇంటిని గది గదీ వీడియో తీసి అదేరోజు వాట్సాప్‌లో కిరాయిదారుకు పంపి, చూశానని జవాబు తెప్పించుకుంటే అడ్వాన్సు గొడవ సగం అప్పుడే తీరిపోతుంది.

కిరాయిదారు వివరాల గడిలో ఆధార్ నంబరు ఒక్కటే ఉంటే చాలదు. సొంతూరి చిరునామా, పనిచేసే ఆఫీసు, ఇంటి పెద్దవాళ్లలో ఒకరి ఫోను కూడా ఉండాలి. రేపు నోటీసు ఎక్కడికి పంపాలన్నదే అప్పుడు పెద్ద ప్రశ్న అవుతుంది. ఇంట్లో ఉండబోయే అందరి పేర్లూ రాయించాలి. ముగ్గురికని ఇచ్చిన ఫ్లాటులో ఆరుగురు చేరినప్పుడు, రాతపూర్వక అనుమతి లేకుండా వేరొకరికి ఇవ్వకూడదన్న వాక్యం పక్కన ఆ పేర్లుంటేనే దానికి బలం. నివాసానికి మాత్రమే అన్న మాట కూడా ముఖ్యమే. వంటింట్లో కర్రీ పాయింటు మొదలైతే కరెంటు కేటగిరీ మారుతుంది, ఆస్తి పన్ను కమర్షియల్ లెక్కకు వెళ్తుంది, ఆ బిల్లులు వచ్చేది ఓనరు పేరు మీదే.

అడ్వాన్సు షరతు దాదాపు ప్రతి ఫారంలోనూ లోపభూయిష్టమే. లెక్క వేసి చూడండి: అద్దె 20,000, అడ్వాన్సు రెండు నెలలది, 40,000. మార్చి అద్దె రాలేదు. ఏప్రిల్లో అడిగితే అడ్వాన్సులో పట్టుకోండి అన్న జవాబు. మే మొదటికి అడ్వాన్సు నిల్లు, మనిషి ఇంట్లోనే, కట్టని కరెంటు బిల్లు, అపార్ట్‌మెంటు మెయింటెనెన్సు, పగిలిన వాష్ బేసిన్ ఓనరు నెత్తిన. అడ్వాన్సును అద్దె కింద సర్దకూడదు, తాళాలు అప్పగించి బిల్లులు తేలాకే తిరిగిస్తారు అన్న వాక్యం స్పష్టంగా ఉండాలి. పెయింటింగుకు ఒక నెల అద్దె పట్టుకునే వాడుకను పాటించేటట్టయితే అది కూడా మొదటే రాయాలి, లేకుంటే అడగడానికి ఆధారం ఉండదు. అన్నిటికన్నా ముఖ్యం, అద్దె ఆగిన మొదటి నెలలోనే రాతపూర్వకంగా కదలడం. మూడో నెలదాకా మొహమాటపడితే చేతిలో ఏమీ మిగలదు.

గడువు దాటిన మర్నాడే తాళం వేసేయొచ్చన్నది ఈ కాగితం చుట్టూ అల్లుకున్న అపోహల్లో అత్యంత ప్రమాదకరమైనది. 11 నెలలు అయిపోయాక కూడా ఓనరు అద్దె తీసుకుంటుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు అది నెలవారీ కిరాయిగా కొనసాగుతుంది. తాళం మార్చడం, కరెంటు పీకేయడం, సామాన్లు బయట పెట్టడం చేస్తే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద కిరాయిదారు ఆరు నెలల్లోపు కోర్టుకెళ్లి, ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే లేకుండా మళ్లీ లోపలికి రాగలడు. పైగా పోలీసు కేసు. అప్పటిదాకా బాకీపడ్డవాడు ఒక్కరోజులో బాధితుడైపోతాడు. పన్నెండేళ్లుంటే ఇల్లు కిరాయిదారుదైపోతుందన్న భయం కూడా నిజం కాదు. కిరాయిదారుగా దిగినవాడు ఆ హోదాలో ఉన్నంతకాలం ఓనరు హక్కును కాదనలేడు. ఈ భయాన్ని తీర్చడంలో మాత్రం వంద రూపాయల కాగితం పూర్తి మార్కులు తెచ్చుకుంటుంది, ఎందుకంటే కిరాయిదారుగా దిగాడన్న రుజువు అదే.

ఖాళీ చేయించే అసలు దారి నోటీసుతో మొదలవుతుంది. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం నెలవారీ కిరాయికి 15 రోజుల నోటీసు. అగ్రిమెంటులో ఒక నెల అని రాసుంటే నెల ఇవ్వాలి. బాకీ ఎంతో నెలలవారీగా చూపి, కిరాయి రద్దు చేస్తున్నామని, ఫలానా తేదీకి ఇల్లు అప్పగించాలని స్పష్టంగా రాసి వకీలు ద్వారా స్పీడ్ పోస్టులో పంపాలి. తీసుకోనన్నాడని తిరిగొచ్చిన కవరును చింపకుండా అలాగే దాచాలి, అదే రుజువు. బాకీ ఒక్కటే కారణంగా చూపితే చిక్కుంది: అదే చట్టం 114వ సెక్షన్ కింద కిరాయిదారు బాకీ, వడ్డీ, ఖర్చులు కోర్టులో కట్టేసి ఉపశమనం అడగొచ్చు. అందుకే కిరాయి రద్దు నోటీసు మీద నిలబడాలి.

నోటీసు గడువు అయ్యాక ఇంకో ఉచ్చు ఉంది. కిరాయిదారు చప్పుడు చేయకుండా ఫోన్‌పేలో ఆ నెల అద్దె వేస్తాడు. ఓనరు సంతోషంగా ఉంచుకుంటాడు. అద్దె తీసుకున్నారు కాబట్టి నోటీసును వదులుకున్నట్టేనని అదే చట్టం 113వ సెక్షన్ చూపి వాదిస్తారు. డబ్బు వచ్చిన రోజే, నోటీసు అలాగే ఉంది, ఇది అద్దె కాదు, ఇంట్లో ఉంటున్నందుకు పరిహారంగా జమ చేసుకుంటున్నాం అని మెసేజ్, దాంతోపాటు ఉత్తరం పంపాలి.

కేసు వేయాల్సిన చోటు కూడా చాలామంది తప్పు చేస్తారు. తెలంగాణలో 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెకు వర్తించదు. అంటే నేటి హైదరాబాద్ అద్దెల్లో దాదాపు అన్నీ రెంట్ కంట్రోలర్ దగ్గరికి కాకుండా సివిల్ కోర్టుకే వెళ్తాయి. అక్కడ సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 15-ఎ కింద కేసు నడుస్తున్నంతకాలం ఒప్పుకున్న బాకీని, నెలనెలా అద్దెను కోర్టులో కట్టమని అడగొచ్చు. కట్టకపోతే అతని డిఫెన్సును (కేసులో అతను వినిపించే ఎదురు వాదనను) కొట్టేసే అధికారం కోర్టుకుంది. మొదటి వాయిదాలకే ఈ పిటిషన్ వేయమని వకీలుకు చెప్పాలి. కొన్ని ఆన్‌లైన్ ఫారాల్లో ఆర్బిట్రేషన్ (కోర్టు బదులు మధ్యవర్తి తీర్పు) షరతు ముందే టిక్ పెట్టి ఉంటుంది. ఆస్తి బదిలీ చట్టం కిందికొచ్చే కిరాయి తగాదాలు ఆర్బిట్రేషన్‌కు వెళ్లొచ్చని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. పాతికవేల అద్దె ఇంటికి ఆర్బిట్రేటర్ ఫీజు మోయడం భారం, ఆ టిక్ తీసేయడమే మంచిది.

అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉంటూ ఇక్కడ ఫ్లాటు అద్దెకిచ్చినవారికి ఈ కాగితం ఒంటరిగా ఎందుకూ కొరగాదు. ఇక్కడి అన్నకో బావమరిదికో ఇచ్చే జీపీఏలో (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తన తరఫున పనులు చేసే అధికారపత్రం) అద్దె వసూలు అధికారమే కాక నోటీసు ఇవ్వడం, కేసు వేయడం, సాక్ష్యం చెప్పడం కూడా రాసి ఉండాలి. విదేశంలో సంతకం పెట్టిన జీపీఏకు ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఓనరు ఎన్నారై అయితే అద్దె ఎంత చిన్నదైనా కిరాయిదారు అద్దెలోంచి టీడీఎస్ (ముందే కోసి ప్రభుత్వానికి కట్టే ఆదాయ పన్ను) పట్టుకోవాలి. ఈ మాట దిగేముందే చెప్పకపోతే ఏడాది చివర అదో కొత్త తగాదా.

మొత్తంగా, నెలకు పది ఇరవై వేల ఇంటికి, తెలిసినవాళ్ల ద్వారా వచ్చిన కుటుంబానికి స్టాంపు వెండర్ కాగితం సరిపోతుంది, షెడ్యూలు, అడ్వాన్సు, పేర్లు, నోటీసు గడువు సరిచేయించుకుంటే. ప్రింటు తీసేముందు ఫైలును ఫోనుకు పంపమని అడగండి, షాపువాళ్లు పంపుతారు. ఇంట్లో నిదానంగా చదివి, ఖాళీ గళ్లు నింపి, మార్పులు రాసి తిరిగి పంపాలి. ప్రతి పేజీ కింద ఇద్దరి సంతకాలు, చివర ఇద్దరు సాక్షుల పేర్లు చిరునామాలతో సహా ఉండాలి. ఒరిజినల్ ఓనరు దగ్గర, కాపీ కిరాయిదారు దగ్గర. ఖాళీ చేసే రోజు కోసం తాళాల అప్పగింత రసీదు ఒక పేజీ అప్పుడే కొట్టించి పెట్టుకోండి: తేదీ, మీటరు రీడింగు, తిరిగొచ్చిన తాళంచెవులు, తిరిగిచ్చిన అడ్వాన్సు, ఇద్దరి సంతకాలు.