వరద గోదావరిలో ఏడీసీపీ: బాటమ్ ట్రాకింగ్‌తో నా అనుభవం

గోదావరి దిగువ ప్రాంతంలో కొన్నేళ్లుగా ఏడీసీపీ (అకౌస్టిక్ డాప్లర్ కరెంట్ ప్రొఫైలర్) అనే యంత్రంతో ప్రవాహం కొలుస్తున్నాను. అది ధ్వని తరంగాలతో నీటి వేగాన్ని ఎలా పట్టుకుంటుందో ఈ పనిలో ఉన్నవారికి వివరించనక్కర్లేదు. నేను చెప్పదలచుకున్నది బాటమ్ ట్రాకింగ్ (నది అడుగును ఆధారం చేసుకుని యంత్రం తన కదలికను లెక్కించుకునే పద్ధతి) గురించి మాత్రమే.

నీటి వేగాన్ని కొలిచే కరెంట్ మీటరుతో పనిచేసే రోజుల్లో నదికి అడ్డంగా ఎంచుకున్న ఒక్కో చోట పడవను ఆపి, లోతులో 0.2, 0.8 వంతుల దగ్గర మీటరు దింపి, ఆవలి ఒడ్డు చేరేసరికి గేజి (నీటిమట్టం) మారిపోయేది. ఏడీసీపీ వచ్చాక పడవ ఆగే పనే లేకపోయింది. నది అడుగును చూస్తూ తన కదలికను తానే లెక్కించుకుని, నీటి వేగంలోంచి దాన్ని తీసివేస్తుంది. ఇంతకన్నా మేలైన పద్ధతి లేదని అప్పట్లో అందరికీ చెప్పాను. అడుగు కదలని రోజులకు ఆ మాట ఇప్పటికీ చెల్లుతుంది.

ఒక వరదలో గేజి గంటగంటకూ పెరుగుతుంటే మా డిశ్చార్జి (సెకనుకు పారే నీటి పరిమాణం) అంకెలు మాత్రం పెరగడం మానేశాయి. దిగువన నీటిని ఎగదన్నే అడ్డు ఏదీ లేదు. తెరమీద ఎర్రగుర్తు రాలేదు, వరుస కొలతలు ఒకదానితో ఒకటి చక్కగా సరిపోతున్నాయి. అనుమానం తీర్చుకోవడానికి యంత్రాన్ని మోసే చిన్న తెప్పను వంతెనమీద నుంచి రెండు తాళ్లతో కదలకుండా పట్టి ఉంచాం. తెప్ప ఉన్నచోటే ఉంది. తెరమీద దాని దారిని చూపే గీత మాత్రం ఎగువకు పాకుతూనే ఉంది! అడుగున ఇసుక నీటితోపాటు దిగువకు జారుతుంటే, దాన్ని స్థిరమైన నేలగా నమ్మిన యంత్రానికి తానే ఎగువకు పోతున్నట్టు తోచింది. ఇసుక ఎంత వేగంతో కదిలితే నీటి వేగం అంత తక్కువగా నమోదవుతుంది. నీరు సెకనుకు 2 మీటర్లు, ఇసుక 0.2 మీటర్లు కదిలాయనుకుంటే 20 లక్షల క్యూసెక్కుల వరదలో 2 లక్షలు లెక్కకు రాకుండా పోతాయి.

నా బాధ ఇక్కడే. వరదలో కొలవడానికే ఈ యంత్రాన్ని కొంటాం, సరిగ్గా వరదలోనే అది తక్కువ చూపుతుంది, ఆ సంగతి తానుగా చెప్పదు. అమ్మినవారు మాకు శిక్షణ ఇచ్చింది సిమెంటు లైనింగ్ చేసిన కాలువలో. అక్కడ కదలడానికి ఇసుక ఎక్కడిది? భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగుల హెచ్చరికలు నీటిమట్టాన్ని బట్టి ఇచ్చేవి కనుక ఈ లోపం వాటిని తాకదు. అయితే ఏ మట్టానికి ఎంత నీరు పోతుందో చెప్పే రేటింగ్ కర్వ్ పైభాగం నిలిచేది ఇలాంటి రోజుల కొలతల మీదనే. 2022 జులైలో అక్కడ వచ్చిన 71.3 అడుగుల వంటి మట్టం ఎన్నో ఏళ్లకు గాని రాదు. ఆ పూట కొలత తప్పితే మళ్లీ తీసుకునే వీలుండదు.

దారి లేకపోలేదు. బయలుదేరిన గుర్తు దగ్గరికే పడవను తిరిగి తెచ్చే లూప్ పరీక్షలో, తెరమీద ఆఖరి బిందువు మొదటి బిందువుకు ఎంత ఎగువన పడిందో చూసి, ఆ దూరాన్ని పట్టిన సమయంతో భాగిస్తే నది అడుగు కదిలే సగటు వేగం తెలుస్తుంది. ఇప్పుడు ప్రతి వరద కొలతకూ ముందు ఈ పరీక్ష చేస్తున్నాం. అడుగు కదులుతున్నదని తేలితే పడవ కదలికకు జీపీఎస్ ఆధారంగా లెక్క తీసుకుంటాం. దానికీ షరతులున్నాయి: దిక్సూచిని అక్కడికక్కడే సరిచూసుకోవాలి, వంతెన కింద ఉపగ్రహాలు సరిగా అందవు, పడవ నడిపే సరంగు నెమ్మదిగా, ఒకే వేగంతో దాటించాలి. మా సరంగు అలా నడపగలడు కాబట్టే మా అంకెలు నిలుస్తున్నాయి.

కాలువల్లో, రాతి అడుగున్న చోట్ల కొలిచేవారు బాటమ్ ట్రాకింగ్ ఒక్కదానితో నిశ్చింతగా పని నడుపుకోవచ్చు. ఇసుక నదిలో వరద కొలవాలనుకునేవారు మంచి జీపీఎస్ జోడించే వీలున్న నమూనానే తీసుకోవాలని నా అభిప్రాయం. మాది ఫైబర్ పడవ. ఇనుప పడవల మీద దిక్సూచి ఎంతవరకు నిలకడగా ఉంటుందో అలాంటి పడవ వాడినవారినే అడగడం మంచిది.