ఉదయగిరి దుర్గానికి ఒకరోజు నడక: ఒక సేవపై సమీక్ష

నెల్లూరు నుంచి ఉదయగిరి దుర్గానికి ఒకరోజు నడకలు నిర్వహించే ఒక చిన్న బృందంతో మా ఇంట్లోని మూడు తరాల వాళ్ళమూ కలిసి వెళ్ళాము. శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న ఆ కోటను చూడాలన్నది మా నాన్నగారి చిరకాల కోరిక.

నాకు అన్నిటికంటే నచ్చినది నడక వేగం విషయంలో నిర్వాహకుల పట్టుదల. అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని ముందు ఉంచి, వారి అడుగును బట్టే మిగిలినవారిని నడిపించారు. వరుస చివర ఒక కార్యకర్త ఉండటం వల్ల ఎవరూ వెనుకబడలేదు. పెద్దలు వాడే మందుల వివరాలు ముందే అడిగి రాసుకున్నారు. దాహం వేసేదాకా ఆగకుండా గంటకు సుమారు అర లీటరు నీళ్ళు తాగించారు. లీటరు నీటికి సరిపడే ఓఆర్‌ఎస్ పొట్లాన్ని చిన్న సీసాలో చిక్కగా కలిపితే పిల్లలకు హాని కలుగుతుందని ఓపికగా వివరించారు. పాము కాటేస్తే గాయాన్ని కోయకూడదని, గట్టిగా కట్టు కట్టకూడదని, ఆ కాలునో చేతినో కదలనివ్వకుండా వెంటనే 108కు ఫోన్ చేయాలని బయలుదేరక ముందే చెప్పారు.

లోపం పాదరక్షల విషయంలో ఉంది. చెప్పులతో వచ్చినవారిని వారించకపోవడం వల్ల దిగేటప్పుడు రాళ్ళపై కొందరికి కాళ్ళు జారాయి. ఊతకర్రలు కూడా ఇవ్వలేదు. దిగుడులోనే మోకాళ్ళపై భారం ఎక్కువ కనుక ఈ లోటును వారు వెంటనే సరిదిద్దాలి.

ఎండలు ముదిరే ఏప్రిల్, మే నెలలను, రాళ్ళు తడిసే ఈశాన్య రుతుపవనాల కాలాన్ని వదిలి, జనవరి, ఫిబ్రవరి నెలల్లో వెళ్ళడం మంచిది. మోకాళ్ళ నొప్పులున్నవారు సగం దారిలో ఆగిపోవడానికి కూడా వీలుంది.