పెద్ద కుక్కకు తీగ బుట్టే మేలు: హన్మకొండలో దొరికే మజిల్స్‌పై రివ్యూ

ఎద్దు మూతికి చిక్కం కడితే ఎవరూ తప్పుపట్టరు. అదే రాట్‌వైలర్ కుక్కకు మజిల్ (కరవకుండా మూతికి తొడిగేది) వేస్తే చాలు, "పాపం, నోరు కట్టేసిన్రు" అంటారు. గుడ్డ మజిల్ విషయంలో ఆ మాట నిజం. తీగ బుట్ట విషయంలో కాదు. ఎందుకంటే చిక్కంలాగే అందులో నోరు తెరుచుకుంటుంది.

వరంగల్, హన్మకొండ పెట్ షాపుల్లో మామూలుగా కనిపించేవి మూడు రకాలు: నైలాన్ గుడ్డది, మెత్తటి ప్లాస్టిక్ బుట్ట, ఇనుప తీగ బుట్ట. గుడ్డది చవక, అందుకే ముందు దాన్నే చేతిలో పెడతారు. కొనకండి. కుక్క ఒంట్లో వేడి పోయేది ముఖ్యంగా నాలుక బయటపెట్టి రొప్పడం వల్లే. గుడ్డ మజిల్ దవడలను బిగించి పట్టుకుంటుంది కాబట్టి రొప్పడానికి వీలుండదు, నీళ్లు తాగడానికీ వీలుండదు. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే మన ఊళ్లో దాన్ని నడకకు వేయడమంటే వడదెబ్బను పిలిచి తెచ్చుకోవడమే. డాక్టర్ సూది వేసే రెండు మూడు నిమిషాలకు తప్ప అది దేనికీ పనికిరాదు.

ప్లాస్టిక్ బుట్ట తేలిక, కడగడం సులువు. లాబ్రడార్‌కు, మెత్తని స్వభావమున్న జర్మన్ షెపర్డ్‌కు సరిపోతుంది. కేన్ కోర్సో, రాట్‌వైలర్ లాంటి బలమైన జాతి కుక్కలు మూతిని గోడకు రాస్తే బుట్ట వంగిపోతుంది, పక్కనుంచి పళ్లు బయటికొస్తాయి.

తీగ బుట్టకే మా ఓటు, కానీ చూసి కొనాలి. బుట్ట లోపలి వైపు వెల్డింగ్ అతుకుల మీద చిన్న దూది ఉండను తిప్పండి. పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ముల్లు ఉన్నట్టే, అదే రేపు ముక్కు మీద పుండు చేస్తుంది. ముక్కు దూలం మీద ఆనే చోట తోలు మెత్త కచ్చితంగా ఉండాలి. చెవుల వెనక పట్టీ ఒక్కటే చాలదు. రెండు కళ్ల మధ్య నుంచి నుదుటి మీదుగా వెళ్లే పట్టీ లేకపోతే, మొండి కుక్క ముందుకాళ్లతో రెండు గుంజుల్లో ఊడదీస్తుంది.

సైజు దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. షాపులో బరువు అడిగి ఎల్, ఎక్స్‌ఎల్ అని ఇస్తారు. నలభై కిలోల షెపర్డ్ మూతి పొడవు, సన్నం. అదే బరువున్న రాట్‌వైలర్ మూతి పొట్టి, లావు. ఒకదానిది ఇంకోదానికి ఎట్లా సరిపోతుంది? టేపు తీసుకెళ్లండి. ముక్కు కొస నుంచి కంటికి వేలెడు దూరం ముందు వరకు పొడవు. చుట్టుకొలత మాత్రం నోరు మూసినప్పుడు కాదు, బంతి నోట కరుచుకున్నప్పుడు తీయాలి. వేశాక ముక్కు ముందు ఒక సెంటీమీటరు ఖాళీ, పట్టీ కింద రెండు వేళ్ల సందు ఉండాలి, అంచు కంటికి తగలకూడదు.

కొన్న రోజే కట్టి బయటికి తీసుకెళ్తే బుట్ట చూడగానే పారిపోయే కుక్క తయారవుతుంది. వారం, పది రోజులు పెట్టుకోండి. మొదటి రెండు రోజులు బుట్ట అడుగున చెంచాడు గట్టి పెరుగు రాసి పట్టుకోవాలి, అంతే. మూతి అదే పెట్టాలి, మనం తొయ్యకూడదు. తర్వాత ఐదు సెకన్ల నుంచి ముప్పై సెకన్ల దాకా, పట్టీ పెట్టకుండా. ఐదో రోజు నుంచి పట్టీ పెట్టి, ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన కార్జం ముక్కలు తీగల సందులోంచి అందిస్తూ ఒక నిమిషం. కాళ్లతో గీరుకునేటప్పుడు మాత్రం విప్పొద్దు, గీరితే ఊడుతుందని నేర్చుకుంటుంది. నాలుగు అడుగులు నడిపించి, ఊరుకున్నాక విప్పండి. తర్వాత ఇంటి ముందు పది నిమిషాలు, ఆ తర్వాతే వడ్డేపల్లి చెరువు కట్ట, అదీ జనం రాకముందు తెల్లారుజామున.

లోపాలూ ఉన్నాయి. ఎండలో తీగ కాలుతుంది, కారు డాష్‌బోర్డు మీద పెట్టి మర్చిపోవద్దు. కుక్క ఎగిరి పొడిస్తే మన మోకాలి చిప్ప మీద గట్టిగానే తగులుతుంది. యాభై కిలోల కుక్క మజిల్ ఉన్నా మనిషిని కింద పడేయగలదు కాబట్టి లీష్ పట్టు సడలకూడదు. మొరుగుడు ఆపడానికో, రాత్రంతా ఉంచడానికో ఇది కాదు. మనిషి దగ్గర లేనప్పుడు తీసేయాలి.

చొంగ, పెరుగు అతుకుల్లో ఎండితే వానాకాలంలో తుప్పు త్వరగా పడుతుంది, చీమలు పడతాయి. వాడిన ప్రతిసారీ గోరువెచ్చని నీళ్లు, పాత టూత్‌బ్రష్, తర్వాత పొడి గుడ్డ. తోలు పట్టీ సాగుతుంది, నెలకోసారి రంధ్రం ఒకటి లోపలికి జరపాల్సి రావచ్చు.