ఏ కుక్క సినిమా వేద్దాం?

ఎండాకాలం సెలవులకు నల్లగొండ, దేవరకొండ ఇళ్లలో మనవలూ మనవరాళ్లూ దిగుతారు. మధ్యాహ్నం బయటికి పంపలేం, ఫోను చేతికిస్తే మళ్లీ లాక్కోలేం. అలాంటప్పుడు అందరినీ ఒకచోట కూర్చోబెట్టి పాత కుక్క సినిమా వేయమంటాను. ఏది వేయాలన్నదే పేచీ.

వయసులో పెద్దది 1905లో ఇంగ్లండులో సిసిల్ హెప్‌వర్త్ తీసిన ‘రెస్క్యూడ్ బై రోవర్’. నిడివి ఏడు నిమిషాల లోపే. మాటలు లేవు, మధ్యలో చదవాల్సిన అక్షరాలూ లేవు. బడి మొహం చూడని పిల్లకూ, చత్వారం వచ్చిన నాయనమ్మకూ ఒకేలా అర్థమవుతుంది. పసిపాపను ఒక బిచ్చగత్తె ఎత్తుకుపోతుంది. ఆ ఇంటి కుక్క రోవర్ వీధి వెంట పరుగెత్తి, ఏరు ఈది, పేదల వాడలో ఒక్కో గుమ్మం వెతుకుతుంది. కెమెరా ఉన్నచోటే ఉంటుంది. దూరాన చిన్నగా కనిపించిన కుక్క పరుగెత్తుకుంటూ మన ముందుదాకా వచ్చేస్తుంది. పాప దొరికాక ఇంటికి అదే దారి, అదే ఏరు. యజమానిని వెంటబెట్టుకుని మళ్లీ అదే దారి. ఇలా మళ్లీ మళ్లీ రావడమే పిల్లలకు ఇష్టం, తర్వాత ఏం వస్తుందో ముందే అరిచి చెప్పవచ్చు. అందులో కుక్క హెప్‌వర్త్ సొంత కుక్క బ్లెయిర్, పాప ఆయన సొంత కూతురు. ప్రింట్లకు గిరాకీ ఎంతంటే, వాటిని తీసే అసలు ఫిల్ము, అంటే నెగెటివ్, అరిగిపోయి సినిమా మొత్తాన్ని మరో రెండుసార్లు తీశారు.

ఒక్కటే ఇబ్బంది. బిచ్చగత్తె అంటే పిల్లల దొంగ అన్నట్టు చూపిస్తుంది. 2018లో ఇలాంటి పుకార్లు నమ్మి తెలంగాణలో అమాయకులను కొట్టారు కాబట్టి, ఆ ముక్క పిల్లలకు విడమరిచి చెప్పక తప్పదు.

రెండోది 1943 నాటి ‘లాస్సీ కమ్ హోమ్’, గంటన్నర సినిమా. యార్క్‌షైర్‌లో ఒక పేద కుటుంబం గడవక తమ కోలీ జాతి కుక్క లాస్సీని జమీందారుకు అమ్మేస్తుంది. ఆయన స్కాట్లండ్ తీసుకుపోతే, అది తప్పించుకుని వందల మైళ్లు నడిచి వస్తుంది. ఆడకుక్క వేషం వేసింది పాల్ అనే మగకుక్క అన్నది వేరే సంగతి. కోలీ గొర్రెలను మళ్లించే జాతి. పాలమూరు వైపు మందల వెంట ఉండే కుక్కల పని కాపలా. మళ్లించడం కాపరి అదిలింపుదీ కర్రదీ. అయినా ఈ కథ మనవాళ్లకు పరాయిదనిపించదు. కరువు ఏడాది ఎడ్లను అంగడికి తోలిన ఇళ్లు మన దగ్గర తక్కువా? అమ్మాక లాస్సీ మనది కాదని సినిమాలో తండ్రి పట్టుబడతాడు. కొడుకుకు ఆ లెక్క ఎక్కదు. ఇద్దరిదీ న్యాయమే, అందుకే ఈ సినిమాలో బరువుంది. సాహసాల కన్నా ఆ తగువే నాకు నచ్చుతుంది.

పెద్దవాళ్లుంటే 1985 నాటి హిందీ సినిమా ‘తేరీ మెహర్బానియాఁ’ పేరు ఎత్తక మానరు. హీరో జాకీ ష్రాఫ్‌ను చంపినవాళ్ల మీద ఆయన కుక్క పగ తీర్చుకుంటుంది. కన్నీళ్లు ఖాయం గానీ, ఆ హత్యలూ పగలూ చిన్నపిల్లలకు వద్దు. ఇక 2020లో వచ్చిన ‘ద కాల్ ఆఫ్ ద వైల్డ్’లో బక్ అనే కుక్క కంప్యూటర్‌లో పుట్టింది. కనుబొమలు ఎగరేసి మనిషిలా హావభావాలు పలికిస్తుంది. రోవర్ ఇవేవీ చేయదు, ఊరికే పరుగెత్తుతుంది. నాకు అదే చాలు.

ఆరేళ్ల లోపు పిల్లలకైతే రోవరే మేలు, కావాలంటే వెంటనే రెండోసారి వేయవచ్చు. ఎనిమిదీ పదేళ్ల వాళ్లుంటే నా ఓటు లాస్సీకే. దారిలో దానికి తోడైన ఒక చిన్న కుక్క చనిపోతుంది, మెత్తని మనసు పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. మాటలన్నీ ఇంగ్లీషు కాబట్టి పక్కన కూర్చుని తెలుగులో చెబుతూ పోవాలి. ఆ పని ఇంట్లో కథలు చెప్పే అలవాటున్న తాతకు అప్పగించండి.