ఎన్‌సీడీ యాప్, క్యాష్ బుక్: ఏళ్ల తరబడి రెండూ రాస్తున్న ఏఎన్‌ఎం సమీక్ష

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఒక సబ్ సెంటర్‌లో, అంటే ఊరి ఆరోగ్య కేంద్రంలో, ఏఎన్‌ఎంగా (నర్సుగా) పనిచేస్తున్నాను. బీపీ, షుగర్, క్యాన్సర్ పరీక్షల వివరాలు ఎక్కించే ఎన్‌సీడీ (అంటువ్యాధులు కాని జబ్బుల) యాప్‌ను మాకు ట్యాబ్ ఇచ్చినప్పటి నుంచీ వాడుతున్నాను. గ్రామ ఆరోగ్య కమిటీ నిధుల క్యాష్ బుక్ కూడా నేనే రాస్తాను. ఒకదాంట్లో పని లెక్క, ఇంకోదాంట్లో డబ్బు లెక్క. జబ్బు ముదరకముందే పట్టుకోవడానికి ప్రభుత్వం ఇస్తున్న నిధులు సక్రమంగా ఖర్చవుతున్నాయా లేదా అని చూసుకోవడానికే ఈ రెండూ పెట్టారు. యాప్ మంచిదే, తీసేస్తామంటే నేను ఒప్పుకోను. కానీ దాంట్లోంచి పైవాళ్లు రోజూ అడుగుతున్న అంకె మాత్రం అడగాల్సిన అంకె కాదు.

కార్యక్రమం తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. బీపీ, షుగర్, క్యాన్సర్ లాంటి జబ్బుల్ని అదుపు చేసే ఈ జాతీయ కార్యక్రమం 2010లో ఎన్‌పీసీడీసీఎస్ అనే పేరుతో మొదలైంది, ఇప్పుడు ఎన్‌పీ-ఎన్‌సీడీ అంటున్నారు. డబ్బు జాతీయ ఆరోగ్య మిషన్ కింద వస్తుంది. మనలాంటి రాష్ట్రాల్లో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్, నోటి క్యాన్సర్ పరీక్షలు, ఆడవాళ్లకు వీటితో పాటు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు చేయాలి. బీపీ, షుగర్ ఏడాదికోసారి, క్యాన్సర్లవి అయిదేళ్లకోసారి. ముందుగా ఆశా కార్యకర్త ఇంటింటికీ పోయి సీబ్యాక్ అనే ప్రశ్నల ఫారం నింపుతుంది. వయసు, పొగాకు, మందు, నడుము కొలత, ఒళ్లు వంచి చేసే పని, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్, గుండెజబ్బు ఉందా అన్నవి అడిగి మార్కులు వేస్తుంది. మొత్తం 4 దాటితే ఆ మనిషిని ముందుగా పరీక్షకు పిలవాలి. తర్వాత నేను పరీక్ష చేసి ట్యాబ్‌లో ఎక్కిస్తాను. అవసరమైతే పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) పంపిస్తాను.

ఫారం మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. ప్రశ్నలు తేలిక, పది నిమిషాల్లో అయిపోతుంది. ఒక్క నడుము కొలత దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే ఒక మార్కు, 90 దాటితే రెండు. మా ఊళ్లలో పెద్దవాళ్లు వీధి అరుగు మీద కూర్చుని ఉంటారు. చుట్టూ నలుగురు ఉన్నప్పుడు చీర పక్కకు జరపమంటే జరపరు. చీర మీద నుంచే టేపు చుడితే కుచ్చిళ్ల మందమే ఒక మార్కు తెచ్చిపెడుతుంది. మా ఆశాలు ఇప్పుడు లోపలి గదిలోకి తీసుకెళ్లి, పక్క నుంచి టేపు దూర్చి, ఊపిరి వదిలాక కొలుస్తున్నారు. ఇలాంటివి ఏ ట్రైనింగ్ పుస్తకంలోనూ గట్టిగా చెప్పరు. డేటా బాగుండడం, పాడవడం మాత్రం ఇక్కడే మొదలవుతుంది.

యాప్‌లో అన్నిటికన్నా మంచిది, ఎవరు ఫాలోఅప్‌కు రావాలో, ఎవరు రాలేదో చూపించే జాబితా. రిజిస్టర్ల కాలంలో పోయిన నెల మాత్రలకు రానివాళ్లెవరో తెలుసుకోవాలంటే పేజీలన్నీ తిరగేయాలి. అంత తీరిక ఎవరికీ ఉండేది కాదు. వచ్చినవాళ్లకు మాత్రలిచ్చి పంపేవాళ్లం, రానివాళ్ల సంగతి పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక తెలిసేది. ఇప్పుడు పొద్దున్నే జాబితా తెరిచి, ఆ వీధి ఆశాకు పేర్లు చెప్తే సాయంత్రానికి సగం మంది సబ్ సెంటర్‌కు వస్తున్నారు. నేను చేసే పనికి నేరుగా సాయపడేది ఇదొక్కటే. మిగతాదంతా పైవాళ్లకు పంపడానికి రాసేదే.

ఇబ్బందుల్లో మొదటిది ఓటీపీ. ఒక్కో మనిషి ఆరోగ్య వివరాలకు ఇచ్చే ఆభా నంబర్ తీయాలంటే ఆధార్‌కు లింకైన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. మా ఊరి ముసలివాళ్ల ఆధార్‌కు ఉన్న నంబర్ బెంగళూరులో బిల్డింగ్ పనికి పోయిన కొడుకుది. అతనేమో పనిలో ఉంటే ఫోన్ ఎత్తడు. ఎత్తి, అంకెలు చదివి చెప్పేలోపు టైమ్ అయిపోతుంది. తండాల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి పరీక్షలు అక్కడ కాగితం మీద రాసుకుని, ఇంటికొచ్చాక రాత్రి ఎక్కిస్తాను. అంటే ఒకే పని రెండుసార్లు. బీపీ చూడటానికి పట్టే సమయం కంటే ఎక్కించడానికి పట్టే సమయమే ఎక్కువ. ఈ టెన్షన్ ఏఎన్‌ఎంలందరికీ తెలిసిందే, ఇంకా సాగదీయను.

దీనికంటే పెద్ద సమస్య లెక్కలు ఒకదాంతో ఒకటి కలవకపోవడం. షుగర్ చూసే స్ట్రిప్పులు, బీపీ మాత్రల స్టాకు ఈ-ఔషధి అనే మందుల పోర్టల్‌లో కనిపిస్తుంది. ఎంతమందికి పరీక్ష చేశామో ఎన్‌సీడీ పోర్టల్‌లో కనిపిస్తుంది. ఈ కార్యక్రమం పద్దు కింద ఎంత ఖర్చయిందో ప్రభుత్వ చెల్లింపుల పోర్టల్ పీఎఫ్‌ఎంఎస్‌లో కనిపిస్తుంది. మూడూ సర్కారువే, మూడూ ఒకే కార్యక్రమం గురించే, అయినా ఏ స్క్రీన్ మీదా మూడూ కలిసి కనిపించవు. స్ట్రిప్పులు అయిపోయిన వారంలో నా స్క్రీనింగ్ అంకె పడిపోతుంది. సాయంత్రానికి పైవాళ్లు మెసేజ్‌లు పెట్టే మా ఫోన్ గ్రూపులో మా సబ్ సెంటర్ పేరు ఎర్ర రంగులో వస్తుంది. స్టాకు సున్నా అని ఇంకో పోర్టల్‌లో అప్పటికే నమోదై ఉంటుంది. మెసేజ్ పెట్టినాయన అది చూడడు, చూడమని ఆయనకు ఎవరూ చెప్పరు. స్ట్రిప్పు లేకుండా షుగర్ గడిలో అంకె ఎలా రాయాలి? ఆ అంకె కోసం ఒత్తిడి పెట్టడమంటే లేనిదాన్ని రాయమని చెప్పడమే. కొందరు రాస్తారు కూడా, వాళ్ల మీద నాకు కోపం రాదు. ఆ ఒత్తిడిని తయారుచేసిన పద్ధతి మీద వస్తుంది.

ఇక సుగ్గి, అంటే కూలి పనులకు వలస పోవడం. మా మండలాల సంగతి తెలిసినవాళ్లకు ఈ మాట వివరించక్కర్లేదు. వానాకాలం పంట అయిపోతే ఇక్కడ పని ఉండదు, మిరప కోతలకు, పత్తి తీతకు ఇంటికి తాళం వేసి కుటుంబం మొత్తం గుంటూరు వైపు పోతుంది. పిల్లల్నీ తీసుకుపోతారు. పోయే ముందు రోజు ఒకావిడ సబ్ సెంటర్‌కు వచ్చి, "సుగ్గికి పోతాండాం నర్సమ్మా, ఉగాదికి గానీ రాము, అన్నాళ్లకూ మాత్రలియ్యి" అంది. నెల రోజులకు మించి ఇవ్వడానికి అప్పుడు నా దగ్గర స్టాకు లేదు. డాక్టర్ గారితో మాట్లాడి పీహెచ్‌సీ నుంచి తెప్పించి ఇచ్చాను. ఆవిడ మాత్రలు పట్టుకెళ్లింది, వేసుకుంది, ఉగాదికి తిరిగొచ్చాక చూస్తే బీపీ అదుపులోనే ఉంది. యాప్‌లో మాత్రం ఆ నెలలన్నీ ఆవిడ ఫాలోఅప్‌కు రాని మనిషే. మందులు మానేసిన మనిషికీ, మందులు మూటగట్టుకుని వలస పోయిన మనిషికీ తేడా చూపించే గడి నాకు దొరకలేదు. గుంటూరు వైపు ఏ ఏఎన్‌ఎం దగ్గరికైనా పోయి చూపించుకుంటే, అక్కడ ఎక్కించింది నా జాబితాలోకి రావాలి. ఆభా నంబర్‌కు అంత కష్టపడేది ఇలాంటి వాటి కోసమే కదా. అక్కడివాళ్లు కూలికి వచ్చినవాళ్ల పేర్లు ఎక్కించరు, వాళ్ల టార్గెట్‌లో ఈ మనుషులు ఉండరు మరి.

క్యాన్సర్ గడుల గురించి నిర్మొహమాటంగా చెప్పాలి. నోరు తెరిపించి లైటు వేసి చూడటం మా వీధుల్లోనే చేస్తాం, గుట్కా, ఆకువక్క అలవాటు ఉన్నవాళ్లు ఎక్కువ కాబట్టి శ్రద్ధగానే చేస్తాం. గర్భాశయ ముఖద్వార పరీక్షకు మాత్రం ప్రత్యేకంగా గది కావాలి, మంచం కావాలి, లైటు, అసిటిక్ యాసిడ్ కావాలి, ట్రైనింగ్ అయిన మనిషి కావాలి. ఇవేవీ లేనిచోట ఆ గడి నిండిందంటే అనుమానించాలి. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను నేరుగా అడిగితే, దేశం మొత్తం మీద ఎప్పుడైనా ఈ పరీక్ష చేయించుకున్నామన్నవాళ్లు 1.9 శాతం. మేం ఎక్కించే అంకెల పక్కన ఇలాంటి అంకె ఎప్పుడూ ఒకటి పెట్టుకుని చూడాలి. పని చేసినవాళ్లు చెప్పే లెక్క ఒకటి, పని ఎవరికి జరిగిందో వాళ్లు చెప్పే లెక్క ఇంకొకటి. నిధులు ఇచ్చేవాళ్లకు రెండోది లేకపోతే మొదటిదాన్ని పట్టుకుని ఏం తేల్చగలరు?

ఇప్పుడు డబ్బు వైపు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీకి ఏడాదికి 10,000 రూపాయల అన్‌టైడ్ ఫండ్, అంటే ఊరి అవసరాన్ని బట్టి కమిటీయే ఖర్చు పెట్టుకునే డబ్బు. బ్లీచింగ్ పౌడర్, కాల్వల్లో పూడిక తీత, బరువు తూచే మిషన్ రిపేరు లాంటి వాటికి వాడతాం. తీర్మానం రాయాలి, సంతకాలు తీసుకోవాలి, ఓచర్ అంటించాలి, క్యాష్ బుక్‌లో ఎక్కించాలి, ఏడాది చివర వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి. 2021 జూలై నుంచి సింగిల్ నోడల్ ఏజెన్సీ పద్ధతి (పథకం డబ్బంతా రాష్ట్రంలో ఒకే ఖాతా నుంచి నడిపేది) వచ్చాక డబ్బు మన ఖాతాలో నిల్వ ఉండటం పోయింది. జీరో బ్యాలెన్స్ ఖాతా, దానికొక లిమిట్ (ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చో ఆ హద్దు), పీఎఫ్‌ఎంఎస్‌లో చెల్లింపు ఎక్కించే మేకర్ ఒకరు, సరిచూసే చెకర్ ఇంకొకరు. డబ్బు ఏళ్ల తరబడి బ్యాంకులో పడి ఉండకూడదన్నది మంచి ఆలోచనే. ఎవరి పేరున ఎంత పోయిందో ఢిల్లీలో కూర్చున్నా కనిపిస్తుంది. ఆ మేరకు ఈ పద్ధతికి నా ఓటు.

అయితే లిమిట్ ఎప్పుడు పడుతుందో మాకు తెలియదు. ఆలస్యంగా పడితే మార్చి 31 లోపు ఖర్చు చూపించాలని పరుగు. మా ఊళ్లో దోమలు పెరిగేది వానాకాలంలో. కాల్వ పూడిక జూన్‌లో తీయాలి, తీయడానికి డబ్బు దొరికేది ఎండాకాలం మొదట్లో. రిపోర్టులో నూరు శాతం ఖర్చు అని ఆకుపచ్చగా వస్తుంది. ఆ కాల్వ పక్క వీధిలో ఆ ఏడాది జ్వరాలు తగ్గాయా అని అడిగే గడి క్యాష్ బుక్‌లో లేదు, పీఎఫ్‌ఎంఎస్‌లో లేదు. జ్వరాల వివరాలు నేనే ఇంకో పోర్టల్‌లో ఎక్కిస్తాను. ఊరి పేరు పట్టుకుని ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టడం కంప్యూటర్‌కు ఎంతసేపు?

అడగాల్సిన అంకె ఏదో తెలియక కాదు. బీపీని అదుపులో పెట్టడానికి 2017లో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్‌లో తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందులో స్క్రీనింగ్ అంకె దగ్గర ఆగిపోలేదు. చికిత్సకు నమోదైనవాళ్లలో ఈ మూడు నెలల్లో చివరిసారి చూసినప్పుడు బీపీ 140/90 కంటే తక్కువ ఉన్నవాళ్లెంతమంది, ఎక్కువ ఉన్నవాళ్లెంతమంది, అసలు రానివాళ్లెంతమంది అని లెక్క తీస్తారు. ఈ మూడు అంకెలు చూస్తే మందుల మీద పెట్టిన రూపాయి ఎక్కడ పనిచేసిందో, ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. 2023 మేలో కేంద్రం 2025 నాటికి 7.5 కోట్ల మంది బీపీ, షుగర్ రోగులకు ప్రామాణిక వైద్యం అందించాలని లక్ష్యం పెట్టుకున్నప్పుడు, ఇక చూపు స్క్రీనింగ్ నుంచి చికిత్స మీదికి మళ్లుతుందని సంతోషపడ్డాను. కింద మా గ్రూపులో మాత్రం రోజువారీ మెసేజ్ మారలేదు. ఈ రోజు ఎన్ని స్క్రీనింగ్‌లు, అంతే. ఎవరి బీపీ దిగింది అని నన్ను అడిగినవాళ్లు మా పీహెచ్‌సీ డాక్టర్ గారొక్కరే.

కొత్తగా చేరిన ఏఎన్‌ఎం చెల్లెళ్లు ఈ యాప్ ఎలా వాడాలని అడుగుతుంటారు. ఫాలోఅప్ జాబితా రోజూ తెరవండి, ఎంట్రీ తర్వాత అయినా ఫర్వాలేదు. స్ట్రిప్పులు అయిపోయిన రోజు తేదీ వేసి పీహెచ్‌సీకి కాగితం మీద రాసి ఇవ్వండి, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. పరీక్ష చేయకుండా గడిలో అంకె మాత్రం వేయొద్దు. మా వైపు పనిచేసేవాళ్లయితే దీపావళి దాటగానే సుగ్గికి పోయే ఇళ్ల పేర్లు ఆశాలతో రాయించి, బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ఎన్ని నెలల మాత్రలు కావాలో ముందే ఇండెంట్ పెట్టండి. తాళాలు పడ్డాక జాబితా చూసి లాభం లేదు.