యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌తో నాలుగేళ్లు: చెప్పేదొకటి, చేసేదొకటి

నాలుగేళ్లుగా నా బ్యాకప్‌లన్నీ ఒక యూఎస్‌బీ 3.0 ఎన్‌క్లోజర్‌లో (డ్రైవును లోపల పెట్టి యూఎస్‌బీ ద్వారా వాడుకునే పెట్టె) బిగించిన సాటా ఎస్‌ఎస్‌డీలోనే (సాటా కనెక్షన్‌తో పనిచేసే, తిరిగే భాగాలు లేని డ్రైవు) ఉంటున్నాయి. దాన్ని లినక్స్ కంప్యూటర్‌తో వాడుతున్నాను. ఇన్నాళ్లలో ఒక్క ఫైలు కూడా పోలేదు. అయితే ఆ నమ్మకం కొన్న రోజునే కలిగింది కాదు. ఈ పరికరం తన గురించి తాను చెప్పుకొనే మాటల్లో ఏవి నిజం కావో తెలుసుకుని, వాటిని పట్టించుకోవద్దని కెర్నల్‌కు, అంటే లినక్స్ మూలభాగానికి, చెప్పిన తరువాతే కలిగింది.

మొదటి ఇబ్బంది యూఏఎస్ (యూఎస్‌బీ డ్రైవుకు ఆదేశాలు పంపే కొత్త పద్ధతి) దగ్గర ఎదురైంది. పాత బల్క్-ఓన్లీ పద్ధతిలో కంప్యూటర్ ఒక ఆదేశం పంపి, దాని ఫలితం అందేదాకా ఆగి, ఆ తరువాతే రెండోది పంపాలి. యూఏఎస్‌లో అనేక ఆదేశాలను ఒకేసారి వరుసలో ఉంచవచ్చు. నా ఎన్‌క్లోజర్ తనకు యూఏఎస్ వచ్చని ప్రకటించుకుంటుంది, కెర్నల్ ఆ మాట నమ్ముతుంది. పెద్ద వీడియో ఫైళ్లు కాపీ చేసినంతసేపు అంతా సవ్యంగానే ఉండేది. వేలకొద్దీ చిన్న ఫైళ్లు రాయవలసి వచ్చినప్పుడు మాత్రం కాపీ హఠాత్తుగా నిలిచిపోయి, ఆదేశం రద్దయినట్లు, ఆపై పరికరాన్ని రీసెట్ చేసినట్లు కెర్నల్ లాగ్‌లో సందేశాలు కనిపించేవి. ప్రతిసారీ అర నిమిషం పాటు కదలిక లేకపోవడానికి కారణం, డిస్కు ఆదేశానికి లినక్స్ మామూలుగా ఇచ్చే గడువు 30 సెకన్లు కావడమే. కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను, విడిగా కరెంటు తీసుకునే హబ్ కూడా పెట్టి చూశాను. బలహీనమైన కేబుల్ వల్ల కూడా ఇవే లక్షణాలు కనిపిస్తాయి కనుక నింద ఎన్‌క్లోజర్‌లోని చిప్ మీద వేసే ముందు ఈ పరీక్షలు చేయడం న్యాయం. నా విషయంలో ఏదీ ఫలించలేదు.

కెర్నల్‌లోని యూఎస్‌బీ-స్టోరేజ్ మాడ్యూల్‌కు క్విర్క్స్ అనే సెట్టింగు ఉంది. అందులో పరికరపు వెండర్ ఐడీని, ప్రోడక్ట్ ఐడీని, వాటి పక్కన ‘యూ’ అనే ఇంగ్లిషు అక్షరాన్ని రాస్తే కెర్నల్ ఆ పరికరానికి యూఏఎస్‌ను వదిలేసి పాత పద్ధతిని వాడుతుంది. ఆ రోజు నుంచి ఒక్క రీసెట్ కూడా రాలేదు. పెద్ద ఫైళ్ల వేగంలో నాకు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు కానీ, చిన్న ఫైళ్ల బ్యాకప్ మాత్రం స్పష్టంగా నెమ్మదించింది. నిలకడ కోసం ఆ నష్టాన్ని సంతోషంగానే ఒప్పుకున్నాను. ఒక జాగ్రత్త అవసరం. ఆ ఐడీలు చాలాసార్లు పెట్టె తయారీదారువి కాక లోపల యూఎస్‌బీ ఆదేశాలను సాటాకు అనువదించే బ్రిడ్జి చిప్‌వి అయి ఉంటాయి కాబట్టి, అదే చిప్ ఉండి యూఏఎస్‌లో చక్కగా పనిచేసే మరో ఎన్‌క్లోజర్‌ను తగిలించినా దానికీ ఈ ఆంక్ష వర్తిస్తుంది.

ట్రిమ్ (తుడిచిన ఫైళ్ల స్థలం ఇక అక్కర్లేదని ఎస్‌ఎస్‌డీకి తెలపడం) విషయంలో జరిగింది దీనికి సరిగ్గా తిరగబడిన తప్పు. ట్రిమ్ చేసే ఎఫ్‌స్ట్రిమ్ కమాండ్ నడిపితే డ్రైవులో ఆ సదుపాయం లేదని జవాబు వచ్చేది. డ్రైవు ఇచ్చే జవాబులను నేరుగా చూపే ఎస్‌జీ-యుటిల్స్ సాధనాలతో పరిశీలిస్తే, సామర్థ్యం చెప్పే జవాబులో ట్రిమ్‌కు సంబంధించిన బిట్ సున్నాగా ఉంది, వివరాల పేజీలో మాత్రం ట్రిమ్‌కు సమానమైన అన్‌మ్యాప్ ఆదేశం పనిచేస్తుందని రాసి ఉంది. మొదటి జవాబు చూసిన కెర్నల్ రెండోదాని జోలికి పోలేదు. కెర్నల్ సెట్టింగులను ఫైళ్లుగా చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ప్రొవిజనింగ్ మోడ్‌ను (ట్రిమ్‌కు ఏ ఆదేశం వాడాలో చెప్పే సెట్టింగు) చేతితో అన్‌మ్యాప్‌గా మార్చగానే ట్రిమ్ పనిచేసింది. ప్రతిసారీ తగిలించగానే అదే జరిగేలా ఒక యూడెవ్ నియమం (పరికరం తగిలించినప్పుడు లినక్స్ తనంతట తాను అమలు చేసే సూచన) రాసుకున్నాను. దీన్ని మాత్రం విలువైన డేటా ఉన్న డ్రైవు మీద ముందుగా ప్రయత్నించకూడదని గట్టిగా చెబుతాను, ఎందుకంటే బ్రిడ్జి ఆ ఆదేశాన్ని తప్పుగా అనువదిస్తే చెరిగిపోయేది ఖాళీ స్థలం ఒక్కటే అని హామీ లేదు. నేను ఖాళీ డ్రైవులో ఫైళ్లు నింపి, సగం తుడిచి, ట్రిమ్ చేసి, పరికరాన్ని తీసి మళ్లీ తగిలించి, మిగిలిన ఫైళ్ల చెక్‌సమ్‌లను (ఫైలు మారిందో లేదో తేల్చే సంఖ్యలు) పోల్చిన తరువాతే బ్యాకప్‌లను అందులోకి తెచ్చాను.

ఈ ఎన్‌క్లోజర్ ఎస్‌ఎస్‌డీని తిరిగే డిస్కుగా కూడా చూపిస్తుంది. అదే యూడెవ్ నియమంలో ఒక వరుస చేర్చడంతో అది సరిపోయింది.

ఇంట్లో ఒకే కంప్యూటర్‌కు తగిలించే బ్యాకప్ డ్రైవుగా దీన్ని వాడుతూనే ఉంటాను. ఆపరేటింగ్ సిస్టమ్‌ను బూట్ చేయడానికి గానీ, యంత్రం నుంచి యంత్రానికి తిప్పడానికి గానీ వాడను. ఈ దిద్దుబాట్లన్నీ నా కంప్యూటర్‌లో ఉన్నాయి తప్ప డ్రైవులో లేవు. మరో చోట తగిలించిన మరుక్షణం అది మళ్లీ తనకు యూఏఎస్ వచ్చనే చెబుతుంది.